పెయింట్ పట్టే సీలెంట్ కోసం రెండు నెలలు: చిన్న పడవ మరమ్మతులో నా అనుభవం

ఫిబ్రవరి 8 సాయంత్రం. పడవ కుడి పక్కకి మొదటి పూత వేసి, బ్రష్ కడుక్కుందామని అటు తిరిగి ఇటు తిరిగేసరికి, పై అంచు చెక్క పట్టీ కింద వేసిన పెయింట్ దానంతట అదే విడిపోతోంది. తామరాకు మీద నీళ్లలా ముడుచుకుని పక్కకి జరిగిపోయి, మధ్యలో పాత తెల్ల సీలెంట్ (నీళ్లు కారకుండా అతుకుల్లో నింపే పేస్టు) గీత మళ్లీ బయటపడింది. ఇంకో పూత వేశాను, అదీ అంతే. గీతకి రెండు వైపులా చిన్న చిన్న గుండ్రటి గుంతలు, వాటి మధ్యలోంచి కింది ఉపరితలం కనపడుతోంది. అప్పుడు అర్థమైంది, పోయిన ఏడాది తొందరలో బాత్రూమ్ కోసం కొన్న సిలికాన్ ట్యూబు మిగిలితే దాంతోనే ఆ అతుకు పూసేశానని. సిలికాన్ మీద పెయింట్ నిలవదు. ఈ మాట ఎవరైనా చెబుతారు, నేనూ ఎక్కడో విన్నాను కూడా, కానీ చేతిలో ట్యూబు ఉన్నప్పుడు గుర్తు రాలేదు.

పడవ 14 అడుగుల ఫైబర్‌గ్లాస్‌ది, వెనక చిన్న మోటారు. పాతబడి మెరుపు పోయింది కానీ ఇంతకుముందు ఎవరూ పెయింట్ వెయ్యలేదు.

అదే రోజు ఇంకో తప్పు చేశాను. పెయింట్ ఇంకా తడిగానే ఉంది కదా అని గుడ్డని థిన్నర్‌లో ముంచి మొత్తం తుడిచేశాను. తుడిచినంత మేరా సిలికాన్ తాలూకు జిడ్డు పొర కూడా పాకిందని మర్నాడు గానీ తెలియలేదు. అంగుళం వెడల్పున్న తలనొప్పిని జానెడు వెడల్పు చేసుకున్నాను.

ఫిబ్రవరి 9 నుంచి 16 వరకు ఎనిమిది సాయంత్రాలు గీకుడే. "దాని మీదే ఇంకో సీలెంట్ పూసెయ్ బావా, కింద ఏముందో ఎవరు చూస్తారు" అన్నాడు మా బావమరిది. నాకూ ఒక నిమిషం అలాగే చేద్దామనిపించింది. కానీ పాత సిలికాన్ మీద వేరే సీలెంటే కాదు, కొత్త సిలికాన్ కూడా సరిగ్గా అతుక్కోదు. ముందు ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ముద్దలు లేపాను, తర్వాత బ్లేడు. అసిటోన్ పోస్తే కరుగుతుందనుకున్నాను, గట్టిపడిన సిలికాన్‌ని అది కరిగించదు. సిలికాన్ తీసే జెల్ అని విడిగా అమ్ముతారు, అది పూసి కొన్ని గంటలు వదిలేస్తే మిగిలిన పలచటి పొర మెత్తబడి ఊడుతుంది. అదంతా అయ్యాక రెండు గుడ్డలతో తుడవాలి. ఒకటి తడిపింది, వెనకే ఆరకముందే ఒక పొడిది, రెండూ మాటిమాటికీ మారుస్తూ. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డుని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మోస్తున్నట్టే. ఎమ్రీ పేపర్ చివర్లోనే పట్టాలి. జిడ్డు ఉండగా రుద్దితే ఆ గీతల్లోకి దిగి కూర్చుంటుంది.

శుభ్రం అయిందో లేదో చూసుకోవడానికి నాకు దొరికిన మంచి పరీక్ష మామూలు నీళ్లు. అతుకు మీద చల్లితే పలచటి పొరలా పరుచుకుని నిలబడాలి. బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు. నాలుగో రోజు చల్లితే బొట్లు, ఆరో రోజు చల్లినా వెనక మూలలో బొట్లు. ఎనిమిదో రోజుకి అంతా పొరలా నిలిచింది. ఆ నీటి పొరని చూసి అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు. ఈ ఎనిమిది రోజుల్లో గుడ్డలు, బ్లేళ్లు, జెల్, అసిటోన్, చేతి తొడుగులు అన్నీ కలిపితే తర్వాత కొన్న సీలెంట్ ట్యూబుల కన్నా ఎక్కువే ఖర్చయ్యాయి.

ఫిబ్రవరి 17న పైపు పరీక్ష. అసలు పడవలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పోయిన ఏడాది కనుక్కోనేలేదు, కనపడిన సందల్లా పూసేశాను. ఈసారి నేను టార్చి పట్టుకుని పడవ ముందు భాగంలోకి దూరాను, బావమరిది బయట పైపు పట్టాడు. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కోచోట పది నిమిషాలు, తర్వాత కాస్త పైకి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు కిందికి జారి ఏది ఎక్కడ కారుతోందో తెలియదు. తేలింది ఏంటంటే, నేను అంత సిలికాన్ పోసిన చోట కారడం మూరెడు మేరే. అసలు కారేది తాడు కట్టే క్లీట్ బోల్టుల దగ్గర, ఇంకా వెనక మూలలో పై భాగం, కింది భాగం కలిసే అతుకు దగ్గర. బోల్టు వెంట నీళ్లు ఒక్కో చుక్కగా దిగి, నట్టు చివర కాసేపు వేలాడి, నా మెడ మీద పడుతున్నాయి.

తర్వాత మూడు రోజులు సీలెంట్ల వివరాల పత్రాలు చదవడంతో సరిపోయింది. ట్యూబు మీద రాసింది కాదు, కంపెనీ విడిగా ఇచ్చే టెక్నికల్ పత్రం. ట్యూబు మీద "పెయింట్ వేయొచ్చు" అని ఒక్క ముక్క ఉంటుంది, ఏ పెయింట్, ఎప్పుడు, ఏది వెయ్యకూడదు అన్నవి ఆ పత్రంలో చివరెక్కడో ఉంటాయి.

నా లెక్కలో మిగిలినవి మూడు రకాలు. పాలీయురేథేన్, పాలీసల్ఫైడ్, హైబ్రిడ్ అనే ఎం.ఎస్. పాలిమర్ రకం. పాలీసల్ఫైడ్ ఇంధనాన్ని బాగా తట్టుకుంటుంది, చెక్క డెక్కుల అతుకులకి ఎప్పటి నుంచో వాడుతున్నారు, కానీ గట్టిపడటానికి చాలా టైం తీసుకుంటుంది, పైగా పాలీకార్బొనేట్, ఏక్రిలిక్ లాంటి ప్లాస్టిక్‌లని దెబ్బతీస్తుంది. నా పడవ ముందు మూత పాలీకార్బొనేట్‌ది. ఆ మాటకొస్తే పాలీయురేథేన్‌కీ ఆ ప్లాస్టిక్‌కీ పడదు. అందుకని ఆ మూతని ఈ లెక్క నుంచే తీసేసి బ్యూటైల్ టేపుతో, అంటే జిగటగా ఉండే రబ్బరు టేపుతో కూర్చోబెట్టాను, దానికి ఎలాగూ పెయింట్ అక్కర్లేదు.

పాలీయురేథేన్‌లో అందరి నోటా వినపడేది త్రీఎం కంపెనీ 5200. పట్టు విపరీతం, చేతికి అంటకుండా ఆరడానికే 48 గంటలు, పూర్తిగా గట్టిపడటానికి 5 నుంచి 7 రోజులు. కానీ దాన్ని శాశ్వతంగా అతికించే జిగురు కింద లెక్కేసుకోవాలి. క్లీట్‌ని మళ్లీ ఎప్పుడైనా విప్పాలంటే కింద ఫైబర్‌గ్లాస్ పొర కూడా ఊడి వచ్చేంత పట్టు. నాకు విప్పే వీలు కావాలి. అదే కుటుంబంలో పట్టు కాస్త తక్కువ ఉండేది 4200, ఇంకా సికాఫ్లెక్స్ 291 లాంటివి. ఈ తరహా మధ్యరకం పాలీయురేథేన్ ఒకటి, ఒక హైబ్రిడ్ ఒకటి, రెండూ తెల్లవి కొన్నాను. ఏ కంపెనీవో చెప్పను, ఎందుకంటే తర్వాత జరిగిన వాటిలో సగం తప్పు నాది.

పెయింట్ సంగతే నన్ను గట్టిగా ఆపింది. నా దగ్గర ఉన్నది మామూలు ఎనామిల్, అంటే గాలిలోని ఆక్సిజన్‌తో ఆరే రకం. ఈ సీలెంట్ల పత్రాల్లో ఆక్సిడేషన్‌తో ఆరే పెయింట్లు, అంటే ఆల్కిడ్, ఆయిల్ పెయింట్లు, వీటి మీద సరిపడవని రాసి ఉంది. ఇంకో వాక్యం కూడా ఉంది: సీలెంట్ సాగుతుంది, గట్టి పెయింట్ సాగదు, కాబట్టి అతుకు మీద పగుళ్లు రావచ్చు. మరి పెయింట్ వేయొచ్చు అని పైన ఎందుకు రాశారయ్యా అనిపించింది. ఆలోచిస్తే ఆ మాటకి అర్థం ఇంతే, పెయింట్ దీని మీద నుంచి జారిపోదు అని. ఆరుతుందా, పగలకుండా ఉంటుందా అన్నవి వేరే ప్రశ్నలు.

సరే, చదివింది చాలు, చూద్దాం అని ఫిబ్రవరి 20న ఒక పాత ఫైబర్‌గ్లాస్ ముక్క తీసుకున్నాను. చేత్తో వంచితే కొద్దిగా వంగే ముక్క. దాని మీద రెండు సీలెంట్లూ గీతలుగా వేశాను, ఒక్కోదాన్ని సన్నగా ఒకటి, లావుగా ఒకటి. నాలుగు రోజులు వదిలేసి, 24న సగం మీద ఎనామిల్, సగం మీద రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురేథేన్ పెయింట్. ఒక మూల మాత్రం తిరగేసి చేశాను, ముందు పెయింట్, అది ఆరాక దాని మీద సీలెంట్.

మార్చి 2కి, అంటే ఆరు రోజులకి ఇదీ పరిస్థితి. హైబ్రిడ్ మీద ఎనామిల్ ఇంకా వేలికి అంటుతోంది, వేలిముద్ర స్పష్టంగా పడుతోంది. పాలీయురేథేన్ మీద ఎనామిల్ కాస్త నయం, కానీ గోరు నొక్కితే దిగుతోంది. పక్కనే ఉత్త ఫైబర్‌గ్లాస్ మీద అదే ఎనామిల్ రెండో రోజుకే గట్టిపడింది. రెండు డబ్బాల పెయింట్ రెండు సీలెంట్ల మీదా శుభ్రంగా ఆరింది, మెరిసింది, కానీ ముక్కని పట్టుకుని వంచగానే లావు గీతల మీద టిక్ టిక్‌మని వెంట్రుక లాంటి పగుళ్లు. సన్న గీతల మీద మాత్రం ఏమీ కాలేదు. తిరగేసి చేసిన మూలలో పగలడానికి ఏమీ లేదు, తెల్ల సీలెంట్ తెల్ల పెయింట్ పక్కన కలిసిపోయి బానే ఉంది.

ముక్క వంచిన ఆ రెండు నిమిషాల్లోనే నా ప్లాన్ మారిపోయింది. ఎనామిల్ పక్కన పెట్టేశాను. వీలైన చోటల్లా ముందు పెయింట్, చివర్లో తెల్ల సీలెంట్, దాని మీద ఇంకేమీ వెయ్యను. క్లీట్లు అలాగే. చెక్క పట్టీ కింది అతుకు మాత్రం పగులు నింపాకే పెయింట్ వెయ్యాలి, అక్కడ గీత ఎంత సన్నగా వస్తే అంత సన్నగా. రెండు సీలెంట్లలో పాలీయురేథేన్‌కే ఓటు వేశాను. హైబ్రిడ్ వాడటం తేలిక, వాసన తక్కువ, కానీ నా పెయింట్ల కింద పాలీయురేథేనే నయంగా ఉంది.

మార్చి 4 ఉదయం అతుకు పని. రెండు వైపులా మాస్కింగ్ టేపు, మధ్యలో సందు. ట్యూబు మూతిని చిన్నగా కోసి, గన్‌ని లాగకుండా ముందుకు తోస్తూ నింపాను, అలా అయితే సందులోకి దిగుతుంది. మధ్యలో ఫోన్ వచ్చింది. తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలు. పత్రంలో పైపొర కట్టడానికి గంట అని ఉంది, కానీ ఆ లెక్క 23 డిగ్రీల దగ్గర. ఎండలో నాకు అప్పటికే పొర కట్టేసింది. టేపు లాగితే దాంతో పాటు సీలెంట్ కూడా బబుల్‌గమ్‌లా సాగి అంచంతా గరుకుగా లేచింది. టేపు తడి మీదే లాగాలి, సీలెంట్ నునుపు చేసిన వెంటనే, ఫోన్ మోగితే మోగనీ.

లేచిన అంచుని సరిచేద్దామని, అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పక్కనే స్పిరిట్ సీసా ఉంటే వేలు తడుపుకుని గీత మొత్తం నునుపుగా రాశాను. చూడ్డానికి అద్దంలా వచ్చింది. బావమరిదిని పిలిచి మరీ చూపించాను.

మార్చి 8న వేలు పెట్టి చూస్తే, స్పిరిట్ తగలని చోటంతా రబ్బరులా ఉంది, స్పిరిట్ రాసిన మూరెడు మేర మాత్రం వేలికి జిగురుగా సాగుతోంది. ఒక రోజు ఆగితే గట్టిపడుతుందేమో అనుకున్నాను. కాదు. పాలీయురేథేన్ గాలిలో తేమతో చర్య జరిగి గట్టిపడుతుంది. స్పిరిట్‌లో ఉండే ఆల్కహాల్ తగిలితే అది తేమ కన్నా ముందే ఆ చర్యలో దూరిపోయి ఆపేస్తుంది. పూర్తిగా గట్టిపడకముందు ఆల్కహాల్ దగ్గరికి రానివ్వొద్దని పత్రంలో స్పష్టంగా ఉంది, నేను చదివాను కూడా, చేతికి సీసా అందేసరికి మర్చిపోయాను. మార్చి 9 పొద్దున్నే ఆ మూరెడూ గీకి, అసిటోన్‌తో తుడిచి, అది పూర్తిగా ఆవిరయ్యేదాకా ఆగి మళ్లీ వేశాను. ఈసారి పొడి చెంచా వెనక భాగంతో ఒక్క లాగు, వెంటనే టేపు తీసేశాను.

ఎన్ని రోజులు ఆగాలో తెలుసుకోవడానికి ఈసారి ఒక పని చేశాను, ఇది ముందే చేసి ఉండాల్సింది. అదే ట్యూబు నుంచి, అతుకులో ఎంత మందం ఉందో అంతే మందంలో ఒక ముద్ద పాలిథిన్ కవరు మీద పిండి పడవ పక్కనే పెట్టాను. సీలెంట్ బయటి నుంచి లోపలికి గట్టిపడుతుంది, మొదటి రోజు దాదాపు 3 మిల్లీమీటర్లు, ఆ తర్వాత లోపలికి పోయేకొద్దీ ఇంకా నెమ్మది. రోజూ బ్లేడుతో ఆ ముద్దలోంచి ఒక ముక్క కోసి చూసేవాణ్ని. రెండో రోజు పైన రబ్బరు, లోపల పేస్టు. మూడో రోజు మధ్యలో పెసరగింజంత తడి. ఐదో రోజు కోస్తే రెండు ముక్కలూ పొడిగా, ఒకే రంగులో. ఇంకో రోజు ఆగి మార్చి 15న అతుకు అయిందనుకున్నాను. పైన వేలు పెట్టి చూస్తే మాత్రం మొదటి రోజే ఆరినట్టు అనిపిస్తుంది, దాన్ని నమ్మి పెయింట్ వేస్తే లోపల ఇంకా కదులుతూనే ఉంటుంది.

మార్చి 16, 17 తేదీల్లో ప్రైమర్, పెయింట్. గట్టిపడిన సీలెంట్‌ని ఎమ్రీ పేపర్‌తో రుద్దబోతే నునుపు అవ్వదు, పొట్టు పొట్టుగా లేస్తుంది, అందుకని గిన్నెలు తోమే పచ్చ పీచుతో పైపైన గరుకు చేసి వదిలేశాను. పెయింట్ బ్రష్‌తోనే వేశాను. ఈ రెండు డబ్బాల రకంలో ఐసోసయనేట్లు అనే హానికరమైన రసాయనాలు ఉంటాయి, స్ప్రే చేస్తే ఆ పొగమంచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దానికి కావాల్సిన మాస్కు నా దగ్గర లేదు. ఈసారి పెయింట్ ఎక్కడా ముడుచుకోలేదు. వేశాక పావుగంట అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాను, మళ్లీ విడిపోతుందేమోనని టెన్షన్.

క్లీట్లు మార్చి 20న. బోల్టు రంధ్రం పై అంచుని పెద్ద డ్రిల్ బిట్‌తో కొద్దిగా గిన్నెలా పల్లం చేశాను. బోల్టు చుట్టూ ఆ పల్లంలో సీలెంట్ నిండి రింగులా నిలబడుతుంది. చుట్టూ కొద్దిగా బయటికి పిండుకొచ్చేదాకా మాత్రమే బిగించి వదిలేశాను. పూర్తిగా బిగిస్తే సీలెంటంతా బయటికి వచ్చేసి లోపల ఏమీ మిగలదు. మూడు రోజులకి మిగతా బిగింపు, అది కూడా పైన బోల్టు తిరగకుండా బావమరిది స్క్రూడ్రైవర్‌తో పట్టుకుంటే నేను కింద నట్టు తిప్పాను. బోల్టు తిరిగితే గట్టిపడిన సీలెంట్ దాని నుంచి విడిపోతుంది.

మార్చి 24న మళ్లీ పైపు పరీక్ష. టార్చి పట్టుకుని అదే చోట పడుకున్నాను. ముప్పావు గంట. మెడ మీద ఒక్క చుక్క పడలేదు.

ఏప్రిల్ 12 నాటికి నాలుగుసార్లు నీళ్లలోకి తీసుకెళ్లాను. ఆ రోజు కడుగుతూ చూస్తే వెనక మూలలో పెయింట్ మీద జానెడు పొడవున వెంట్రుక లాంటి పగులు. మోటారు పక్కనే, పడవ ఎక్కువ కదిలే చోటు. గీత కూడా అక్కడే లావుగా వచ్చింది, ఎందుకంటే సందు వెడల్పుగా ఉంటే నింపేశాను. మిగతా అతుకంతా సన్నగా ఉంది, దాని మీద ఏ గీతా లేదు. నీళ్లు ఏమీ కారడం లేదు, కింద సీలెంట్ చెక్కుచెదరలేదు, పగిలింది పైన పెయింట్ మాత్రమే. ఆ జానెడు మేర పెయింట్ గీకేసి, తెల్ల సీలెంట్‌ని అలాగే వదిలేశాను. మూడడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలియదు, కొన్నాళ్లకి ఎండకి పచ్చబడుతుందేమో, అప్పుడు చూసుకుంటాను.

సగం మిగిలిన ట్యూబు మూతిలో పెద్ద మేకు దిగ్గొట్టి పెట్టాను, అలా అయితే నిలవ ఉంటుందని. నిన్న తీసి చూస్తే మేకుతో సహా రాయి అయిపోయింది.